బోర్డు పోయిందనే ముందు

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఉన్న పీలమేడు పాత తెలుగు నివాసం. అక్కడి నాయుళ్ల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. మదురై, తేని, విరుదునగర్ వైపు పల్లెల్లోనూ చాలా కుటుంబాలది ఇదే తీరు. బయట తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. విజయనగర కాలంలోనూ, విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురై పాలన చేపట్టాకా తెలుగువాళ్లు తరతరాలుగా దక్షిణానికి తరలివెళ్లారు. నల్లరేగడి దొరికినచోట పత్తి వేశారు. కోయంబత్తూరులో ఆ పత్తి పంటే మిల్లులకు దారి తీసింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ నెలకొల్పారు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు 1926లో పెట్టిన ధర్మసంస్థ 1951లో పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలను తెచ్చింది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారుచేశారు.

ఈ జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టారు. బడి చదువు పెద్దగా సాగలేదు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటార్ సైకిలు చూసి మనసు పడ్డారనీ, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొని, పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారనీ ఆయన జీవితకథ చెప్పేవాళ్లంతా అంటారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ఆయన ప్రకటించారు. విప్పి చూడడం, ఏ భాగం ఏం చేస్తుందో తెలుసుకోవడం, తిరిగి బిగించడం: ఇదీ ఆ ఊరి పద్ధతి.

ఇవాళ ఆ పద్ధతికి దగ్గరగా ఇళ్లలో జరిగే పని ఒకటుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యాం, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ విడివిడిగా కొని, సొంతంగా కంప్యూటర్ బిగించుకోవడం. కోయంబత్తూరు గాంధీపురంలో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా వరస ఒకటే. అన్నీ బిగించి బటన్ నొక్కుతారు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడు తెలుస్తుంది. షాపుకు తీసుకెళితే ఒక్క మాటలో తీర్పు వస్తుంది: "బోర్డు పోయింది."

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. కరెంటు, సంకేతాలు, ప్రాసెసర్, ర్యాం, గ్రాఫిక్స్ అన్నీ బోర్డు మీదుగానే కలుస్తాయి. కాబట్టి వాటిలో ఏది తప్పినా తప్పు బోర్డుదే అన్నట్టు కనిపిస్తుంది. పుండొకచోట, మందొకచోట అన్నట్టు కొత్త బోర్డు కొన్నా రోగం అలాగే ఉంటుంది. వేలకు వేలు పోస్తారు. అసలు అడగవలసిన ప్రశ్న వేరు: యంత్రం ఏ మెట్టు దగ్గర ఆగింది?

బటన్ నొక్కాక జరిగేది

ప్లగ్గు పెట్టి ఎస్‌ఎంపీఎస్ వెనకాల ఉన్న స్విచ్ వేయగానే, కంప్యూటర్ ఇంకా ఆన్ కాకముందే, బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతుంది. రంగుల తీగలున్న ఎస్‌ఎంపీఎస్‌లో ఇది ఊదారంగు తీగ. క్యాబినెట్ బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. ఎస్‌ఎంపీఎస్‌కు అది మొదలుపెట్టమనే ఆజ్ఞ. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు లేస్తాయి. అవి నిలకడకు వచ్చాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, బూడిదరంగు తీగ మీద "పవర్ గుడ్" అనే సంకేతం వస్తుంది. అది రానంతవరకు బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు.

ప్రాసెసర్‌కు 12 వోల్టులు నేరుగా ఇస్తే మాడిపోతుంది. దానికి కావలసింది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. 120 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌కు 1.2 వోల్టుల చొప్పున లెక్క వేస్తే 100 ఆంపియర్లు కావాలి. ఇంట్లో గీజర్‌కు పెట్టే పెద్ద సాకెట్టు సామర్థ్యం 15, 16 ఆంపియర్లే. అంత కరెంటును గోరంత చిప్పుకు అందించడానికి ప్రాసెసర్ సాకెట్టు చుట్టూ చోకులు, మోస్‌ఫెట్‌లు, కెపాసిటర్లు వరసగా ఉంటాయి. దీన్ని వీఆర్ఎం అంటారు. అందులోని మోస్‌ఫెట్‌లు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ 12 వోల్టులను కావలసిన మట్టానికి దించుతాయి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ కాక, బోర్డు పైమూల ఇంకొక 8 పిన్నుల కనెక్టర్ విడిగా ఉండేది వీఆర్ఎం కోసమే.

ఆ తర్వాత రీసెట్ తొలగి ప్రాసెసర్ తన మొదటి ఆజ్ఞ కోసం వెతుకుతుంది. 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్, తనకున్న 1 ఎంబీ చిరునామాల హద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద మొదటి ఆజ్ఞ వెతికేది. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్ 4 జీబీ హద్దుకు అదే 16 బైట్ల కింద వెతుకుతుంది. అక్కడ దానికి దొరికేది బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్పులో ఉండే బయోస్. బయోస్ ముందు ప్రాసెసర్‌ను సిద్ధం చేస్తుంది, తర్వాత ర్యాంను, ఆపైన గ్రాఫిక్స్‌ను, చివరికి డిస్కును పలకరిస్తుంది. తెర మీద మొదటి అక్షరం కనపడేసరికి ఇన్ని మెట్లు దాటి ఉంటాయి.

మదురై, రామనాథపురం సీమల్లో గొలుసుకట్టు చెరువులుంటాయి. ఎగువ చెరువు నిండి అలుగు పారితేనే దిగువ చెరువుకు నీరు. చివరి పొలానికి నీళ్లు రాకపోతే రైతు ఆ పొలంలో తవ్వుకుంటూ కూర్చోడు, ఎగువకు నడుచుకుంటూ వెళ్లి ఏ తూము దగ్గర నీరు ఆగిందో చూస్తాడు. బోర్డును పరీక్షించడమూ అలాగే సాగాలి.

ఎక్కడ ఆగిందో చెప్పే ఏర్పాటు చాలా బోర్డులలోనే ఉంది. ఒక అంచున సీపీయూ, డీర్యాం, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లుంటాయి. ఒక్కో మెట్టు దాటుతుంటే ఒక్కోటి వెలిగి ఆరుతుంది. ఏది వెలిగి అలాగే నిలిచిపోయిందో అక్కడే పని ఆగింది. ఖరీదైన బోర్డులలో రెండంకెల కోడ్ చూపే తెర ఉంటుంది. లైట్లు లేని చవక బోర్డుకు చిన్న బీప్ స్పీకర్ తగిలిస్తే చాలు. ఎన్ని బీపులు, పొడుగువా పొట్టివా అన్నది లెక్కపెట్టి, బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. బీపుల అర్థం బయోస్ కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఎవరో చెప్పిన లెక్క పనికిరాదు.

ఎగువ నుంచి దిగువకు

పీలమేడులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి కంప్యూటర్ బిగించాడనుకుందాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. పక్కింటి అన్న దగ్గరకు పరుగెత్తాడు.

"అన్నా, బోర్డు పోయినట్టుంది."

"ఎవరు చెప్పినారు తమ్ముడూ? ముందు లైటు ఎక్కడ నిలిచిందో చూడు."

సీపీయూ లైటు నిలిచి ఉంటే మొదటి అనుమానం 8 పిన్నుల కనెక్టర్. అది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, ఎందుకంటే ఫ్యాన్లకు కరెంటు 24 పిన్నుల కనెక్టర్ నుంచి వస్తుంది. ప్రాసెసర్‌కు మాత్రం ఏమీ అందదు. కొత్తగా బిగించేవాళ్లు తరచుగా మరిచిపోయే తీగ ఇదే. క్యాబినెట్ పైమూల ఇరుకులో ఉంటుంది కాబట్టి పెట్టినా క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కరు.

రెండో అనుమానం బయోస్ వయసు. సాకెట్టు ఒకటే అయినా బోర్డు తయారైన నాటికి పుట్టని ప్రాసెసర్‌ను దాని బయోస్ గుర్తుపట్టలేదు. ఇంటెల్ 600 వరస బోర్డులు 12వ తరం ప్రాసెసర్లతో వచ్చాయి. 13, 14 తరాల ప్రాసెసర్లు అదే సాకెట్టులో కూర్చుంటాయి గానీ బయోస్ కొత్తది కావాలి. ఏఎండీ బీ450 బోర్డులో రైజన్ 5000 వరస పెట్టినా ఇంతే. షాపు గోడౌనులో ఏడాదిన్నర పడి ఉన్న బోర్డు కొంటే ఈ చిక్కు తప్పకపోవచ్చు. కొన్ని బోర్డులకు వెనక భాగాన బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్ నుంచి సరైన ఫైలు పెన్ డ్రైవ్‌లో వేసి, చెప్పిన పోర్టులో పెట్టి ఆ బటన్ నొక్కితే, ప్రాసెసర్ సాయం లేకుండానే బయోస్ కొత్తదవుతుంది. ఆ సదుపాయం ఉన్న బోర్డు కొనడం ఎప్పటికైనా మేలు.

డీర్యాం లైటు నిలిచి ఉంటే ర్యాం తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. ఆ స్లాటుకు కావలసిన ఒత్తిడి చూసి చాలామంది భయపడి సగంలోనే వదిలేస్తారు. రెండు ర్యాం కర్రలుంటే ఒక్కటే పెట్టి చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది మొదట వాడాలి, రెండు కర్రలకైతే రెండోది, నాలుగోది. డీడీఆర్4, డీడీఆర్5 ర్యాంలకు గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి దూరదు. దూరకపోతే బలవంతం చేయకూడదు.

ఇక్కడ ఓపిక కూడా ఒక పనిముట్టే. డీడీఆర్5 ర్యాంతో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఒక్కో లైను మీద సంకేతం ఎంత ఆలస్యంగా వస్తోందో కొలిచి సర్దుకుంటుంది. దీన్ని మెమరీ ట్రెయినింగ్ అంటారు. రాగి దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా కూడా ఆ వేగం దగ్గర లెక్కకు వస్తుంది. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 బోర్డులలో ర్యాం ఎక్కువైతే ఇది కొన్ని నిమిషాలు పట్టడం అందరూ చూశారు. ఆ నిమిషాల్లో తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

వీజీఏ లైటు నిలిచినా, లైట్లన్నీ ఆరిపోయి తెర మాత్రం రాకపోయినా మానిటర్ తీగ ఎక్కడ పెట్టారో చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు తీగ కార్డుకే పెట్టాలి. కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు అది లేదు. రైజన్ 5000 వరసలో జీ అక్షరం లేనివాటికీ లేదు. అలాంటి ప్రాసెసర్ పెట్టి బోర్డు హెచ్‌డీఎంఐకి తీగ తగిలిస్తే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు. అందులో బోర్డు తప్పేమీ లేదు.

ఇవన్నీ చూసినా ఫలితం లేకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యాం కర్రతో నడిపి చూడాలి. బయట నడిచి లోపల నడవకపోతే క్యాబినెట్‌లోనే ఏదో తగులుతోందన్నమాట. బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి, బోర్డుకు రంధ్రం లేనిచోట మిగిలిపోతే, దాని తల బోర్డు అడుగున టంకాన్ని తాకి షార్ట్ చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ వెంటనే రక్షణలోకి వెళ్లి ఆగిపోతుంది. ఫ్యాను ఒక్క క్షణం కదిలి నిలిచిపోతుంది. ఆ ఇత్తడి ముక్క తీసేస్తే బోర్డు మామూలుగా లేస్తుంది.

సాకెట్టులో వంగిన ఒక్క పిన్ను

బోర్డుకు నిజంగా దెబ్బ తగిలే చోట్లలో మొదటిది సాకెట్టు. పాత ఏఎం4 పద్ధతిలో 1331 పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి. తర్వాత వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ1700లో 1700, ఏఎండీ ఏఎం5లో 1718 పిన్నులు బోర్డు సాకెట్టులోనే ఉంటాయి. ఒక్కో పిన్ను వెంట్రుకంత సన్నని స్ప్రింగు, కొన మీద బంగారు పూత. పక్క పిన్నుకు దూరం మిల్లీమీటరు కూడా లేదు. ప్రాసెసర్ చేయి జారి మూల తాకినా, చొక్కా దారం ఒకటి చిక్కుకున్నా ఒకటో రెండో వంగుతాయి.

ఫోన్ కెమెరాను జూమ్ చేసి, టార్చి పక్కవాటంగా పట్టుకుని సాకెట్టు చూడండి. సరిగ్గా ఉన్న పిన్నుల కొనలు ఒకే గీతలో, ఒకేలా మెరుస్తాయి. వంగినది ఆ వరసలో చీకటి చుక్కలా గానీ, వంకర మెరుపులా గానీ కనిపిస్తుంది. ఆ పిన్ను ఏ పని చేసేదో దాన్నిబట్టి లక్షణం మారుతుంది. గ్రౌండుకు పోయేవి వందల కొద్దీ ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటి వంగినా కంప్యూటర్ నడవవచ్చు. ర్యాం సంకేతపు పిన్ను వంగితే ఒక వైపు స్లాట్లు రెండూ పనిచేయవు, 16 జీబీ పెడితే 8 మాత్రమే కనిపిస్తుంది. కరెంటు పిన్ను పక్కదానికి తగిలితే ప్రాసెసర్‌కే ముప్పు. చేయి తిరిగిన మెకానిక్ సూదిమొన పట్టకారుతో, భూతద్దం కింద దాన్ని నిలబెట్టగలడు. చేయి వణికేవాళ్లు ఆ పని పెట్టుకోకూడదు.

వంగిన పిన్నుకు సాధారణంగా వారంటీ రాదు. అందుకే కొనేటప్పుడే, షాపులోనే, సాకెట్టు మూత తీయించి ఫోటో తీసుకోవాలి. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకుండా దాచాలి. వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే తిప్పి పంపవచ్చు.

మిల్లులకు తెలిసిన శత్రువు

కోయంబత్తూరు మిల్లుల్లో పనిచేసినవాళ్లకు హ్యూమిడిఫికేషన్ ప్లాంటు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. స్పిన్నింగ్ విభాగాల్లో గాలిలో తేమను సుమారు 55 నుంచి 65 శాతం దగ్గర ఉంచుతారు. గాలి పొడిబారితే నూలు పోగులు రోలర్ల మీద రాసుకుని స్థిర విద్యుత్తు పుడుతుంది. పోగులు ఒకదాన్నొకటి తోసుకుని లేచి నిలబడతాయి, రోలర్లకు చుట్టుకుంటాయి, తెగిపోతాయి. గాలిలో తేమ ఉంటే ఆ విద్యుత్తు నిలవలేక జారిపోతుంది. పాలియెస్టర్ వచ్చాక ఈ బెడద ఇంకా పెరిగింది.

అదే విద్యుత్తు బోర్డుకూ శత్రువే. మనిషి వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. లోపలి చిప్పుల్లో కొన్ని 100 వోల్టుల కంటే తక్కువకే దెబ్బతింటాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే చిప్పు చచ్చిపోగలదు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో చాలాకాలంగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం, బల్ల మీది మామూలు పాలిథిన్ సంచి ఎత్తితే గాలిలో తేమ 10, 20 శాతం ఉన్నప్పుడు 20,000 వోల్టుల దాకా పుడుతుంది. తేమ 65 శాతం దాటితే అదే సంచికి 1,200 వోల్టులే. ఎండాకాలం మధ్యాహ్నం మదురైలో ఏసీ గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, పాలియెస్టర్ చొక్కాతో కూర్చుని బోర్డు పట్టుకుంటే ఏ పక్షాన ఉన్నామో గ్రహించాలి.

మందు చవకైనదే. 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉన్న రిస్ట్ స్ట్రాప్ కట్టుకుని దాని క్లిప్పును ఎర్త్ అయిన లోహానికి పెట్టాలి. అది దొరక్కపోతే నూలు చొక్కా వేసుకుని, చెప్పులు లేకుండా గచ్చు నేల మీద కూర్చుని, మధ్యమధ్య క్యాబినెట్ ఇనుమును తాకుతూ పనిచేయాలి. బోర్డు వచ్చిన బూడిదరంగు సంచి లోపల పెట్టి దాచడానికే, సంచి బయటి వైపు మీద బోర్డు పెట్టి కరెంటు ఇవ్వకూడదు. ఆ పై పొర విద్యుత్ వాహకం కావచ్చు.

స్థిర విద్యుత్తు కొట్టిన దెబ్బ వెంటనే బయటపడకపోవడం ఇంకొక చిక్కు. చిప్పులోని పొర సగం చిల్లుపడి నెలల తర్వాత చచ్చిపోతుంది. అప్పుడు ఎవరికీ కారణం తెలియదు.

పంపు ఆన్ చేయగానే కంప్యూటర్ ఆగితే

కోయంబత్తూరు పంపుసెట్ల ఊరు. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ పంపు నడిచేటప్పుడు అయిదారు ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు మాత్రం ఇండక్షన్ మోటారు అయిదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. తీగలు సన్ననివైతే, ట్రాన్స్‌ఫార్మర్ దూరమైతే ఆ కాసేపు ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. బల్బు ఒక్కసారి మినుక్కుమంటుంది.

ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ కరెంటు పూర్తిగా పోయినా, సుమారు 16 మిల్లీసెకన్ల దాకా తన కెపాసిటర్లలోని నిల్వతో నెట్టుకురావాలి. 50 హెర్ట్జ్ కరెంటుకు ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. మోటారు లేవడానికి పట్టే సమయం అంతకంటే చాలా ఎక్కువ. నిల్వ అయిపోగానే పవర్ గుడ్ సంకేతం పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. ఇంట్లోవాళ్లు బోర్డు మీద నింద వేస్తారు. మంచి ఎస్‌ఎంపీఎస్ లేబులు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, అది వోల్టేజీ 160కి పడినా తట్టుకుంటుంది. 200 నుంచి 240 అని రాసి ఉన్న చవక రకం తట్టుకోలేదు. డబ్బు మిగల్చాలంటే ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించండి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం వద్దు.

యూపీఎస్ దగ్గరా లెక్క చూసుకోవాలి. 600 వీఏ అని రాసిన ఇంటి యూపీఎస్ ఇచ్చేది చాలావరకు 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఆట మధ్యలో అంతకు మించి లాగితే, కరెంటు పోగానే యూపీఎస్ కూడా పడిపోతుంది.

ఎర్త్ సంగతి మరీ ముఖ్యం. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొద ఆపే కెపాసిటర్లు లైనుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉంటాయి. మూడో పిన్నుకు నిజమైన ఎర్త్ లేకపోతే వాటి వల్ల క్యాబినెట్ ఇనుము సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు స్వల్పం కాబట్టి చేతికి జివ్వుమనిపించి వదిలేస్తుంది. కానీ ఆ స్థితిలో కేబుల్ టీవీ తీగో, ఎర్త్ ఉన్న మరో పరికరమో తగిలిస్తే ఆ తేడా అంతా పోర్టు చిప్పు మీద పడుతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే కంప్యూటర్ మెకానిక్‌ను కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

వేడి, దూది

ద్రవ ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్‌కు ఒక లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది, 10 తగ్గితే రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు పనిచేస్తుంది. మదురై ఎండాకాలంలో గది వేడే 40 డిగ్రీలకు చేరుతుంది, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. ఈనాటి మంచి బోర్డులలో గట్టి పాలిమర్ కెపాసిటర్లు వాడుతున్నారు, అవి ఎక్కువకాలం ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్‌లో పెద్దవి మాత్రం ఇంకా పాత రకమే. అందుకే చాలా ఇళ్లలో బోర్డు కంటే ఎస్‌ఎంపీఎస్ ముందు ముసలిదవుతుంది.

మిల్లుల పక్క ఇళ్లలో దూది పోగులు ఫ్యాన్ల గుండా వచ్చి హీట్ సింకు రేకుల మధ్య పీటలా కడతాయి. గాలి ఆగుతుంది, ప్రాసెసర్ వేడెక్కి తనంత తాను వేగం తగ్గించుకుంటుంది. తమిళ మాసాలైన ఐప్పసి, కార్తిక వానల్లో ఆ దూది తేమ పీల్చుకుంటే బోర్డు దారుల మధ్య కరెంటు జారడానికీ, రాగి తుప్పుపట్టడానికీ దారి ఏర్పడుతుంది. మూడు నెలలకోసారి, ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని, బ్లోయరుతో దులపాలి. పట్టుకోకపోతే ఫ్యాను అతివేగంగా తిరిగి పాడవుతుంది.

బోర్డుదే తప్పయినప్పుడు

బోర్డు తప్పే లేదని నేననను. సుమారు 1999 నుంచి కొన్నేళ్లపాటు నాసిరకం ఎలక్ట్రోలైట్ నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డులలోకి వచ్చాయి. లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి తలలు ఉబ్బి పగిలేవి. 2003, 2005 మధ్య అమ్మిన డెల్ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లు లక్షల సంఖ్యలో ఇలా పోయాయి, ఆ కంపెనీ 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టవలసి వచ్చింది. 2021 డిసెంబరులో ఆసుస్ జెడ్690 హీరో అనే ఖరీదైన బోర్డులు కొన్ని ర్యాం పక్కనే కాలిపోయాయి, కోడ్ తెర మీద 53 అని నిలిచిపోయేది. బోర్డు ఫోటోలు పోల్చి చూసినవాళ్లు ఒక కెపాసిటర్ తలకిందులుగా అతికించి ఉందని పట్టుకున్నారు. కంపెనీ ఒప్పుకుని మార్చి ఇచ్చింది. 2023లో కొన్ని ఏఎం5 ప్రాసెసర్లు సాకెట్టులోనే ఉబ్బి కాలితే, బోర్డులు ఒక లైనుకు ఎక్కువ వోల్టేజీ ఇస్తున్నాయని తేలి, బయోస్ ద్వారా దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేశారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు అస్థిరమైతే, లోపం ప్రాసెసర్లదే అయినా, ఆగస్టులో విడుదలైన మైక్రోకోడ్ సవరణ కూడా బయోస్ ద్వారానే ఇళ్లకు చేరింది.

ఈ నాలుగు ఉదంతాలూ ఒకే మాట చెబుతాయి. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకున్నాకే సరైన మందు దొరికింది. ఊహ మీద చెప్పిన తీర్పుతో ఏదీ బాగుపడలేదు.

కంప్యూటర్ బిగించుకునే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇది. కొనేటప్పుడు సాకెట్టు ఫోటో, బిల్లు, పెట్టె దాచుకోండి. డిస్‌ప్లే రాకపోతే ముందు రెండు కరెంటు కనెక్టర్లు, తర్వాత ఒక్క ర్యాం కర్ర, తర్వాత మానిటర్ తీగ, ఆపైన బయోస్, చివరికి క్యాబినెట్ బయట పరీక్ష, ఈ వరస తప్పకండి. ఏ తీగ ముట్టుకున్నా ముందు గోడ స్విచ్ ఆపండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. షాపులో "బోర్డు పోయింది" అంటే ఏ లైటు దగ్గర ఆగిందో, ఏ కోడ్ వచ్చిందో, ఏ వోల్టేజీ కొలిచారో అడగండి. ఆ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేకపోతే బోర్డును ఇంకా ఎవరూ పరీక్షించలేదని అర్థం. అప్పటిదాకా కొత్త బోర్డుకు డబ్బు కట్టకండి.